పొద్దున్నే డాడ్జర్స్: బెంగళూరు నుంచి ఎమ్ఎల్‌బీ టీవీ ఏడాది చందా కొనొచ్చా?

ఎమ్ఎల్‌బీ టీవీ చందా డబ్బు గిట్టుబాటవుతుందా లేదా అన్నది అమెరికా బేస్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు చూపించే ఈ యాప్ కన్నా మీరు పట్టుకునే జట్టు మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లు, ఒక్కో జట్టుకి లీగ్ దశలోనే 162 మ్యాచ్‌లు, మొత్తం 2,430. ఇన్ని మ్యాచ్‌లు ఎవరూ చూడలేరు. ఒక జట్టుని ఎంచుకుని మార్చి నుంచి అక్టోబరు దాకా దాని వెంట నడిస్తేనే ఈ ఆట రుచి తెలుస్తుంది. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ అలా నడవాలంటే పడమటి తీరం జట్టు కావాలి. అందుకే ఈ సమీక్షకి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2025 సీజన్‌ని గీటురాయిగా తీసుకున్నాం.

ముందు టైము సంగతి. సీజన్ నడిచే నెలల్లో లాస్ ఏంజెలెస్ గడియారానికి పన్నెండున్నర గంటలు, న్యూయార్క్ గడియారానికి తొమ్మిదిన్నర గంటలు కలిపితే మన టైము. న్యూయార్క్‌లో రాత్రి 7:05 మ్యాచ్ మనకి తెల్లవారుజామున 4:35. మిల్వాకీలో సాయంత్రం 6:40 మ్యాచ్ మనకి 5:10. అలారం పెట్టుకుని వారం రోజులు లేవొచ్చు, ఆరు నెలలు లేవలేం. అదే డాడ్జర్ స్టేడియంలో రాత్రి 7:10కి పడే మొదటి బంతి మనకి ఉదయం 7:40కి పడుతుంది. అంటే సరిగ్గా టిఫిన్ వేళ. సొంత మైదానంలో ఆడే 81 మ్యాచ్‌లలో ఎక్కువ భాగం రాత్రివే. శాన్‌డియేగో, శాన్‌ఫ్రాన్సిస్కో, ఫీనిక్స్ వెళ్లినా సీజన్‌లో గడియారం లాస్ ఏంజెలెస్‌తో సమానమే కాబట్టి మనకి పెద్ద తేడా రాదు. ఇబ్బందల్లా వాళ్ల ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌లతోనే. అక్కడ 1:10 అంటే మనకి సోమవారం అర్ధరాత్రి దాటి 1:40. అవి రికార్డింగ్‌లో చూసుకోవాల్సినవే. జట్టు తూర్పు తీరానికి వెళ్లిన వారాల్లో మాత్రం ఆదివారం మధ్యాహ్నం ఆట మనకి రాత్రి పదిన్నర, పదకొండు మధ్య మొదలవుతుంది. అది కూర్చుని చూడదగ్గ టైమే.

మ్యాచ్ ఎంతసేపు నడుస్తుందన్నది రెండో లెక్క. బేస్‌బాల్ అంటే సాగదీత అని ఇంకా అనుకునేవాళ్లు 2023కి ముందు చూసి వదిలేసినవాళ్లు. ఆ ఏడాది పిచ్ క్లాక్ వచ్చింది. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచ్చర్ (బంతి వేసేవాడు) 15 సెకన్లలో బంతి వేయాలి, రన్నర్ ఉంటే ఇప్పుడు 18 సెకన్లు. దాటితే బంతి వేయకుండానే బ్యాటర్ ఖాతాలో ఒక బాల్ (గురి తప్పిన బంతి) పడుతుంది. అలాంటివి నాలుగైతే బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి వెళ్తాడు, దాన్నే వాక్ అంటారు. దీంతో తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ సగటున రెండు గంటల నలభై నిమిషాల లోపే అయిపోతోంది. ఒక ఇన్నింగ్స్‌కి 17, 18 నిమిషాలు వేసుకోండి. 7:40కి మొదలైన ఆటలో 8:50కల్లా నాలుగు ఇన్నింగ్స్ పూర్తవుతాయి. వైట్‌ఫీల్డ్ వైపో, అవుటర్ రింగ్ రోడ్డు వైపో పది గంటల లాగిన్‌కి బయల్దేరేవాళ్లకి అది సగం ఆట. మిగతా సగం దారిలో.

దారిలో వీడియో పెట్టకండి. సెకనుకి 5 మెగాబిట్ల వేగంతో నడిచే వీడియో గంటకి రెండుంపావు గిగాబైట్లు తింటుంది. రోజుకి 2 జీబీ ప్లాన్ ఉన్నవాళ్లకి మూడో ఇన్నింగ్స్ అయ్యేసరికే కోటా అయిపోతుంది. ఈ చందాలో చాలామంది పట్టించుకోని గొప్ప భాగం రేడియో. ప్రతి మ్యాచ్‌కీ రెండు జట్ల రేడియో వ్యాఖ్యానాలూ ఉంటాయి, ఆడియో గంటకి పదుల మెగాబైట్లతో సరిపోతుంది. బంతికీ బంతికీ మధ్య ఖాళీ ఉండే ఆట కాబట్టి రేడియోలో కళ్లకి కట్టినట్టు చెప్పడం వీళ్లకి తరతరాల అలవాటు. పర్పుల్ లైన్‌లో ఎంజీ రోడ్ దాటి మెట్రో భూగర్భంలోకి దిగాక సిగ్నల్ ఊగినా ఆడియో వీడియో అంత తొందరగా చేతులెత్తేయదు. పక్కనే యాప్‌లోని గేమ్‌డే తెర తెరిచి ఉంచుకుంటే ప్రతి బంతీ ఎక్కడ పడిందో, ఎంత వేగమో, స్ట్రైక్ జోన్ (బంతి పడాల్సిన చోటు) డబ్బాలో చుక్కగా కనిపిస్తుంది. గేమ్‌డేకి చందా కూడా అక్కర్లేదు.

గేమ్‌డేలో అంకెలు చదవడం ఒకసారి నేర్చుకుంటే చాలు. ఒకటి పిచ్చర్, రెండు క్యాచర్, మూడు ఫస్ట్ బేస్, నాలుగు సెకండ్ బేస్, అయిదు థర్డ్ బేస్, ఆరు షార్ట్‌స్టాప్, ఏడెనిమిది తొమ్మిది అంటే ఎడమ, మధ్య, కుడి అవుట్‌ఫీల్డ్. 6-4-3 అని కనిపిస్తే బంతి షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌కి, అక్కణ్నుంచి ఫస్ట్‌కి వెళ్లి ఇద్దరు అవుటయ్యారని అర్థం. 2025 వరల్డ్ సిరీస్ (ఏడు మ్యాచ్‌ల దాకా సాగే ఫైనల్) ఆరో మ్యాచ్ ముగిసింది ఇలాంటి 7-4 అంకెలతోనే. ఎడమ అవుట్‌ఫీల్డ్‌లో కీకే హెర్నాండెజ్ పరుగెత్తుకొచ్చి క్యాచ్ పట్టి, అదే ఊపులో సెకండ్ బేస్‌లో ఉన్న మిగెల్ రోహాస్‌కి విసిరాడు. బేస్ వదిలి ముందుకెళ్లిన రన్నర్ తిరిగొచ్చేలోపే బంతి వచ్చేసింది. డాడ్జర్స్ 3-1తో గెలిచి సిరీస్‌ని ఏడో మ్యాచ్‌కి లాక్కెళ్లింది. రెండంకెల్లో ఇంత కథ ఉంటుంది.

ఇంట్లో ఉన్నప్పుడు ఫైర్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ, ఆపిల్ టీవీ మూడింట్లోనూ యాప్ పనిచేస్తుంది. మ్యాచ్ తెరిచేటప్పుడు సొంత జట్టు ప్రసారమా, ఎదుటి జట్టు ప్రసారమా అని అడుగుతుంది. డాడ్జర్స్ వాళ్ల స్పోర్ట్స్‌నెట్ ఎల్ఏ ప్రసారమే ఎంచుకోండి. జో డేవిస్ పక్కన ఓరెల్ హెర్షైజర్ కూర్చున్న రోజైతే మరీ మంచిది. హెర్షైజర్ 1988 వరల్డ్ సిరీస్‌లో ఎమ్‌వీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయిన పిచ్చర్. స్ప్లిటర్ అనే బంతి ఎందుకు చివర్లో కిందికి జారిపోతుందో, రెండు స్ట్రైక్‌ల తర్వాత క్యాచర్ గ్లవ్ బయటికి ఎందుకు జరిపాడో ఆయన చెప్తుంటే కొత్తగా చూసేవాళ్లకి అదే పాఠం. జట్టు ఓడుతున్న రోజుల్లో మాత్రం ఎదుటివాళ్ల ప్రసారం పెట్టి చూడండి. మన పిచ్చర్ ఏ బంతి వేయబోతున్నాడో వాళ్ల బ్యాటర్లు ఎలా పసిగడుతున్నారన్నది అక్కడే తేటగా చెప్తారు.

బెంగళూరులో ఉన్నవాళ్లు ఒక చిన్న ఖర్చు కలుపుకోవాలి. పొద్దున కరెంటు పోతే అపార్ట్‌మెంటు జనరేటర్ అందుకునేలోపు రౌటర్ ఆగి, మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లోనే హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటి దెబ్బ) పోతుంది. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ కొనేటప్పుడు అడాప్టర్ మీద రాసిన వోల్టు, ఆంపియర్ అంకెలు సరిచూసుకోండి. ఫైబర్ డబ్బా, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి.

ఇక అసలు కిటుకు: మ్యాచ్‌ని కాకుండా పిచ్చర్‌ని చూసి రోజు ఎంచుకోవడం. బేస్‌బాల్‌లో మొదలుపెట్టే పిచ్చర్ రోజూ వేయడు. అయిదారు రోజులకోసారి వస్తాడు, వచ్చిన రోజు అయిదారు ఇన్నింగ్స్ మోస్తాడు. అందుకే అదే జట్టు సోమవారం ఒకలా, మంగళవారం ఇంకోలా కనిపిస్తుంది. లీగ్ సైట్లో ప్రాబబుల్ పిచ్చర్స్ పేజీలో రాబోయే కొద్దిరోజుల పేర్లు ముందే పెడతారు. దాన్ని చూసుకుని వారానికి రెండు మ్యాచ్‌లు పూర్తిగా, మిగతావి పది, పదిహేను నిమిషాల కండెన్స్‌డ్ గేమ్‌లో చూస్తే ఏ ఉద్యోగానికీ అడ్డు రాదు. 2025లో అయితే యోషినోబు యమమోటో వేసే రోజు వదులుకోకూడనిది. సీజన్ మొత్తమ్మీద అతని ఈఆర్ఏ 2.49, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) 201. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి రెండున్నర పరుగులే ఇచ్చాడు. షోహెయ్ ఒటాని మోచేతి శస్త్రచికిత్స తర్వాత జూన్ 16న శాన్‌డియేగో మీద మళ్లీ పిచ్చింగ్ మొదలుపెట్టాడు, ఆ రోజు ఒక్క ఇన్నింగ్సే. ఆ తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయాడు. వేసిన రోజూ బ్యాటింగ్ చేస్తాడు, వేయని రోజూ చేస్తాడు. 55 హోమ్‌రన్లు కొట్టాడు.

కండెన్స్‌డ్ గేమ్ మీద ఒక మాట. అందులో హిట్లు, అవుట్లు అన్నీ ఉంటాయి గానీ వాటికి ముందు జరిగిన పోరాటం ఉండదు. తొమ్మిది బంతులు ఎదుర్కొని, నాలుగు ఫౌల్ కొట్టి చివరికి వాక్ తీసుకున్న బ్యాటర్ అక్కడ ఒక్క బంతి మనిషిలా కనిపిస్తాడు. మంచి పిచ్చర్ ఆటని కండెన్స్‌డ్‌లో చూడటం దండగ.

ఇప్పుడు సీజన్ సంగతి, ఎందుకంటే మీరు కొంటున్నది దాన్నే. డాడ్జర్స్ మార్చి 18, 19 తేదీల్లో టోక్యోలో షికాగో కబ్స్ మీద మొదలుపెట్టింది. ఆ రెండు మ్యాచ్‌లూ మనకి మధ్యాహ్నం 3:40కి పడ్డాయి. వరసగా ఎనిమిది గెలిచి ఊపు మీద వచ్చింది. అక్కణ్నుంచి జట్టు గాయాలతో కుంటింది. బ్లేక్ స్నెల్, టైలర్ గ్లాస్నో నెలల తరబడి లేరు, రోకి ససాకి మేలో భుజం నొప్పితో వెళ్లి సెప్టెంబరులో తిరిగొచ్చాడు. జూలైలో వరసగా ఏడు ఓడింది. చివరికి 93 గెలుపులు, 69 ఓటములు. శాన్‌డియేగోకి మూడు మ్యాచ్‌ల ముందు నిలిచి తన డివిజన్‌లో (అయిదు జట్ల గుంపు) మొదటి స్థానం దక్కించుకుంది. లీగ్‌లో ఎక్కువ గెలిచింది 97తో మిల్వాకీ.

గెలిచిన జట్టు కాబట్టి చూడటం హాయిగా ఉంటుందనుకుంటే పొరపాటు. ఆ సీజన్‌లో ఈ జట్టు జబ్బంతా బుల్‌పెన్‌లో ఉంది, అంటే మొదటి పిచ్చర్ దిగిపోయాక వచ్చేవాళ్లలో. సెప్టెంబరు 6 నాటి బాల్టిమోర్ మ్యాచ్ దానికి సాక్ష్యం. మనకి ఆదివారం తెల్లవారుజాము. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్ల దాకా యమమోటో ఒక్క హిట్టూ ఇవ్వలేదు. ఇంకొక్క అవుట్ అయితే నో-హిట్టర్, స్కోరు 3-0. అక్కడ జాక్సన్ హాలిడే బంతిని కుడివైపు గోడ దాటించాడు. యమమోటో 112 బంతులు వేసేశాడు కాబట్టి మేనేజర్ డేవ్ రాబర్ట్స్ అతన్ని దించి బ్లేక్ ట్రైనెన్‌ని తెచ్చాడు. ఒక డబుల్ (బ్యాటర్ సెకండ్ బేస్‌కి చేరే దెబ్బ), ఒకరికి బంతి తగలడం, రెండు వాక్‌లు. బేస్‌లన్నీ నిండి ఇంకో పరుగు వచ్చింది. తర్వాత ట్యానర్ స్కాట్ వచ్చాడు. ఎమాన్యుయేల్ రివేరా కొట్టిన సింగిల్‌కి ఇద్దరు వచ్చేశారు. 4-3, బాల్టిమోర్ గెలిచింది.

కొత్తవాళ్లు ఇక్కడ తప్పక అడిగేది: డబుల్ పడగానే ట్రైనెన్‌ని మార్చొచ్చు కదా? మార్చడానికి వీల్లేదు. 2020 నుంచి లోపలికొచ్చిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగియాలి. ఆ ముగ్గురి లోపల అదుపు తప్పితే మేనేజర్ చూస్తూ నిలబడాల్సిందే. ఈ నిబంధన తెలియకుండా ఆ చివరి పావుగంట చూస్తే రాబర్ట్స్ మీద అన్యాయంగా కోపం వస్తుంది. నాలుగో బ్యాటర్‌కీ అతన్నే ఉంచడం గురించి మాత్రం ఎవరైనా వాదించొచ్చు. మా మాట అడిగితే, ఆ వాక్ దగ్గర మార్చి ఉండాల్సింది.

ఆ జబ్బుకి అక్టోబరులో వేసిన మందు చూడటమే ఈ చందాలో అన్నిటికన్నా విలువైన భాగం. రాబర్ట్స్ నమ్మకం లేని బుల్‌పెన్‌ని పక్కనపెట్టి మొదటి పిచ్చర్లని చివర్లోకి తెచ్చాడు. ససాకి ఆఖరి ఇన్నింగ్స్‌లు వేశాడు. స్నెల్, యమమోటో ఎక్కువసేపు నిలబడ్డారు. నాకౌట్ సిరీస్‌లలో సిన్సినాటి మీద 2-0, ఫిలడెల్ఫియా మీద 3-1, మిల్వాకీ మీద 4-0. మిల్వాకీతో నాలుగో మ్యాచ్ మనకి దీపావళి ముందు శనివారం పొద్దున. ఊరికి బస్సెక్కే హడావిడిలో చాలామంది వదిలేసి ఉంటారు. ఒటాని మొదటి ఇన్నింగ్స్‌లో ముగ్గుర్ని స్ట్రైకౌట్ చేసి, డగౌట్‌లోకెళ్లి బ్యాటు పట్టుకొచ్చి, మొదటి బ్యాటర్‌గా హోమ్‌రన్ కొట్టాడు. అక్కడితో ఆగలేదు. మొత్తం మూడు హోమ్‌రన్లు, పది స్ట్రైకౌట్లు, ఎదుటి జట్టుకి అతని చేతిలో ఒక్క పరుగూ రాలేదు. రెండో హోమ్‌రన్ 469 అడుగులు పోయి కుడివైపు పెవిలియన్ పైకప్పు దాటింది. దీన్ని హైలైట్స్‌లో చూసి సరిపెట్టుకోవద్దు. వేయడానికీ కొట్టడానికీ మధ్య అతనికి దొరికే వ్యవధి ఎంత తక్కువో పూర్తి రికార్డింగ్‌లోనే తెలుస్తుంది.

టొరంటోతో వరల్డ్ సిరీస్ 4-3. యమమోటో రెండు, ఆరు, ఏడు మ్యాచ్‌లు గెలిచి సిరీస్ ఎమ్‌వీపీ అయ్యాడు. ఆరో మ్యాచ్‌లో 96 బంతులు వేసి, మర్నాడే ఏడో మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్ మధ్యలో వచ్చి చివరిదాకా వేశాడు. మొదటి పిచ్చర్ మర్నాడే మళ్లీ వేయడం ఈ రోజుల్లో దాదాపు కనిపించదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రోహాస్ హోమ్‌రన్‌తో సమం చేస్తే, పదకొండులో క్యాచర్ విల్ స్మిత్ హోమ్‌రన్‌తో 5-4. యాంకీస్ 1998 నుంచి 2000 దాకా వరసగా మూడు గెలిచాక, వరసగా రెండు టైటిళ్లు గెలిచిన మొదటి జట్టు ఇదే.

ధర విషయానికొస్తే, 2025లో అన్ని జట్లూ వచ్చే ఏడాది చందా అమెరికాలో సుమారు 150 డాలర్లు, అప్పటి మారకంలో దాదాపు 13 వేల రూపాయలు. కార్డు వాళ్ల విదేశీ లావాదేవీ రుసుము, దాని మీద జీఎస్టీ అదనం. వారానికి రెండు మ్యాచ్‌ల చొప్పున సీజన్లో అరవై దాకా చూస్తే ఒక్కోటి రూ.220కి కాస్త అటూఇటూ పడుతుంది. మల్టీప్లెక్స్ టికెట్‌తో పోలిస్తే నష్టం లేదు. పది, పదిహేను మ్యాచ్‌లే చూసేవాళ్లకి ఇది అనవసరం. వాళ్లు యూట్యూబ్ హైలైట్స్, గేమ్‌డే, బేస్‌బాల్ సావంట్ సైట్‌లోని బంతి లెక్కలతో గడిపేసి, అక్టోబరుకి మాత్రం నెల చందా తీసుకుంటే చాలు. సీజన్ సగం దాటాక ఏడాది ధర కూడా తగ్గుతూ వస్తుంది.

డబ్బు కట్టే దగ్గర మనవాళ్లు తరచుగా ఆగిపోయేది కార్డు దగ్గరే. 2020 నుంచి మన కార్డుల్లో విదేశీ వాడకం ఆపేసి ఇస్తున్నారు. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం ఆన్ చేసి, పరిమితి పెట్టి, కట్టాక మళ్లీ ఆపేయండి. చందా దానంతటదే ఏటా పునరుద్ధరణ అవుతుంది కాబట్టి కొన్న రోజే ఖాతాలోకి వెళ్లి దాన్ని ఆపండి. ఆపినా కట్టిన కాలం పూర్తయ్యేదాకా చూడొచ్చు. కొనేముందు భారతదేశానికి వర్తించే షరతుల్లో రెండు విషయాలు చదవండి: బ్లాకౌట్ (కొన్ని మ్యాచ్‌లు కొన్ని ప్రాంతాల్లో రాకుండా ఆపడం), పోస్ట్‌సీజన్ (లీగ్ దశ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌లు). అమెరికాలో ఉన్న అన్నయ్యో, బావగారో "మాకు సొంత ఊరి జట్టు రాదు" అంటే అది అక్కడి స్థానిక ఛానళ్ల హక్కుల వల్ల. వాళ్ల అనుభవాన్ని ఇక్కడికి అన్వయించకండి, వాళ్ల ఖాతా అరువు తెచ్చుకుని ఇక్కడ చూడొచ్చన్న లెక్కా వేయకండి. అక్కడి శుక్రవారం రాత్రి కొన్ని మ్యాచ్‌ల హక్కులు ఆపిల్ టీవీ (2025 సీజన్‌లో ఆపిల్ టీవీ ప్లస్) సర్వీసువి, షెడ్యూల్‌లో ఆ గుర్తు చూసుకోవాలి.

రికార్డింగ్‌లో చూసేవాళ్లకి పెద్ద శత్రువు స్కోరు ముందే తెలియడం. యాప్ సెట్టింగ్స్‌లో స్కోర్లు దాచే మీట ఉంది, మొదట అది నొక్కండి. ఫోన్లో యాప్ నోటిఫికేషన్లు ఆపండి. యూట్యూబ్ ముందు పేజీ తెరవకండి, అది మీ అలవాటు పసిగట్టి ఫలితాన్ని బొమ్మలోనే పెట్టేస్తుంది. ఇవన్నీ చేసినా వీడియో పొడవు దొరికిపోతుంది. నాలుగు గంటలకు పైగా ఉందంటే అదనపు ఇన్నింగ్స్ అని తెలిసిపోయినట్టే. టీవీలో చూస్తే కింది గీత కొద్ది సెకన్లలో మాయమవుతుంది గనక రిమోట్ ముట్టుకోకుండా ఉంటే సరిపోతుంది.

సీజన్ అయిపోయాక కొన్నవాళ్లకి పాత మ్యాచ్‌లు ఉంటాయి. బాల్టిమోర్ మ్యాచ్‌ని ఏడో ఇన్నింగ్స్ నుంచి చూడండి, ఒటాని మ్యాచ్‌ని మొదటి బంతి నుంచి. వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్, ఆరు గంటల 39 నిమిషాలు. మనకి పొద్దున ఆరు కాకముందు మొదలై మధ్యాహ్నం 12:20కి ముగిసింది. ఒటాని అందులో తొమ్మిదిసార్లు బేస్ మీదికి చేరాడు, రెండు హోమ్‌రన్లు, రెండు డబుళ్లు, అయిదు వాక్‌లు. టొరంటో అతనికి బంతి వేయడమే మానేసింది. మొత్తం చూసే ఓపిక లేకపోతే ఏడో ఇన్నింగ్స్ దాకా చూసి పన్నెండుకి జరపండి. బేస్‌లన్నీ నిండి ఉండగా, ఆ ఏడాదే 3,000 స్ట్రైకౌట్లు దాటి రిటైరవుతున్న క్లేటన్ కెర్షా వచ్చి ఒక్క బ్యాటర్‌కే వేసి బయటపడేస్తాడు. అక్కణ్నుంచి పదిహేనుకి జరిపితే విల్ క్లైన్ నాలుగు ఇన్నింగ్స్ పరుగివ్వకుండా లాగడం, పద్దెనిమిదో ఇన్నింగ్స్‌లో ఫ్రెడీ ఫ్రీమన్ హోమ్‌రన్‌తో 6-5గా ముగించడం వరుసగా వస్తాయి.